ఎడమ వెనక తలుపు

నవంబరు పన్నెండు, మంగళవారం, ఉదయం ఎనిమిది యాభై రెండుకి ఒసాకాలోని ఒక బజారు వీధి మొదట్లో ఆగివున్న టాక్సీ ఎడమ వెనక తలుపు తెరుచుకుని, పక్కనుంచి పోతున్న సైకిలు హ్యాండిలుకి తగిలింది. సైకిలు తొక్కుతున్న కిరియామా ఫుసాకో ఎడమవైపు పడింది. ఆమెకి యాభై ఆరేళ్లు. ముసలివాళ్ల ఇళ్లకి వెళ్లి ఒళ్లు తుడిచి, వంట చేసి, పక్క సర్దివచ్చే పని ఆమెది.

పడేటప్పుడు ఎడమ అరచేయి కాలిబాట రాతి అంచు మీద ఆనింది. బరువంతా ఆ చేతి మీదే పడింది. బుట్టలో ఉన్న ఏప్రను, ఇంట్లో వేసుకునే చెప్పులు, ఆఫీసువాళ్లు ఇచ్చిన హెల్మెట్టు రోడ్డు మీద పడ్డాయి. హెల్మెట్టు కొంతదూరం దొర్లి ఆగింది.

టాక్సీ వెనక సీటులో ఉన్నావిడ ఒక కాలు బయట పెట్టి, మళ్లీ లోపలికి లాక్కుంది. తర్వాత సైకిలు చక్రాన్ని దాటుకుని దిగి, "పళ్ల డాక్టరు తొమ్మిదింటికి రమ్మన్నాడండీ, ఏమీ అనుకోకండి" అని ఎదుటి మేడ మెట్లెక్కింది.

డ్రైవరు చుట్టూ తిరిగి పరుగున వచ్చాడు. అరవై దాటినవాడు. చేతులకి తెల్ల తొడుగులున్నాయి. నడుము దాకా వంగాడు.

"క్షమించండి, క్షమించండి. దెబ్బ తగిలిందా?"

ఫుసాకో ఇంకా మోకాళ్ల మీదే ఉంది. అలాగే తల వంచింది.

"ఏం లేదండీ. నాకేం కాలేదు. నేనే చూసుకోలేదు. క్షమించండి."

"అయ్యో, మీరెందుకండీ. అంబులెన్సు పిలవనా?"

"వద్దొద్దు. తొమ్మిదింటికి ఒకాయన ఎదురుచూస్తుంటాడు."

"మరి పోలీసులకి..." అని డ్రైవరు మొదలుపెట్టాడు. వెనక బస్సు హారన్ కొట్టింది. అతను బస్సు వైపు తిరిగి వంగాడు. ఫుసాకో కూడా బస్సు వైపు తిరిగి వంగింది.

అతను సైకిలు లేపి నిలబెట్టాడు. హెల్మెట్టు తెచ్చి, తొడుగుతో దుమ్ము తుడిచి బుట్టలో పెట్టాడు. జేబులోంచి కంపెనీ కార్డు తీసి ఏప్రను మడతలో దూర్చాడు. మళ్లీ ఇద్దరూ వంగారు. అతను తన సీటులో కూర్చుని పక్కనున్న లివరు నొక్కగానే వెనక తలుపు మూసుకుంది. అక్కడి టాక్సీల్లో ఆ తలుపు తీసేదీ మూసేదీ డ్రైవరే. టాక్సీ వెళ్లిపోయింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

ఫుసాకో సైకిలెక్కి చూసింది. ముందు చక్రం తిరిగినప్పుడల్లా ఒకచోట బ్రేకుకి రాసుకుంటోంది. దిగి నడిపించుకుంటూ వెళ్లింది.

*

ఇబుకి కాన్జిరోకి ఎనభై ఎనిమిదేళ్లు. అదే ఇంటి కింది భాగంలో యాభై రెండేళ్లు సైకిళ్లు బాగుచేశాడు. ఇప్పుడు అక్కడే మంచం వేసుకుని పడుకుంటాడు. చక్రాలు వేలాడదీసిన కొక్కేలు పైకప్పుకి అలాగే ఉన్నాయి. వాటికి ఫుసాకో అతని బనీన్లు ఆరేస్తుంది.

ఆమె తొమ్మిదీ ఆరుకి లోపలికి వచ్చింది. ఆలస్యమైనందుకు క్షమించమంది. చొక్కా విప్పించింది. వేడినీళ్లలో తువ్వాలు ముంచి, దాన్ని కొళాయికి చుట్టి కుడిచేత్తో మెలితిప్పి పిండింది. వీపు తుడిచింది. రెండోసారి కూడా కొళాయికి చుట్టే పిండింది.

"చేతికేమైంది?" అన్నాడు ఇబుకి.

"ఏం కాలేదు తాతగారూ."

"మూడేళ్లుగా వస్తున్నావు. తువ్వాలుని కొళాయికి ఉరివెయ్యడం ఇవాళే చూస్తున్నాను."

"ఇది కొత్త పద్ధతి."

"ఆఫీసులో నేర్పారా?"

"ఆఁ, మొన్ననే."

"అయితే ఎడమచేత్తో చేసి చూపించు."

ఫుసాకో ఎడమచేయి నీళ్లలో పెట్టింది. తువ్వాలు పట్టుకుంది. పిండలేదు. వదిలేసి, గంజి పొంగుతోందని లోపలికి వెళ్లింది. గంజి పొంగడం లేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి ఇబుకి మంచం మీద లేడు. నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా భుజాల మీద కప్పుకున్నాడు.

"జలుబు చేస్తుంది."

"కళ్లజోడు తే. ముందు చక్రం పైకెత్తి పట్టుకో. కుడిచేత్తోనే, తెలుసులే."

ఆమె ఎత్తి పట్టుకుంది. అతను చక్రాన్ని ఒక్కసారి తిప్పి వదిలాడు. తల పక్కకి వాల్చి, బ్రేకు రబ్బరుకి, ఇనుప అంచుకి మధ్య సందులోకి చూశాడు. తర్వాత హ్యాండిలు కుడి పిడి చివర బొటనవేలితో తడిమాడు. గొడుగు బిగించే క్లిప్పు పక్కకి తిరిగిపోయి ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

"కారు తలుపు."

"టాక్సీ. మెల్లగానే తగిలింది తాతగారూ."

"మెల్లగా తగిలితే క్లిప్పు ఇలా తిరగదు. నీ కుడిచెయ్యి చూపించు."

కుడిచేతి చిటికెన వేలి కణుపు మీద తోలు లేచింది. ఆమె అప్పుడే చూసుకుంది.

"పోలీసుల దగ్గరికి వెళ్లావా?"

"ఇక్కడికి వచ్చాను."

"డాక్టరు దగ్గరికి?"

"వెళ్తే మీ గంజి ఎవరు కాస్తారు?"

"ఒకపూట గంజి లేకపోతే చావను. విను. ఈ గుమ్మంలో యాభై రెండేళ్లు కూర్చున్నాను. తలుపు తగిలి వంగిన చక్రాలు ఎన్ని వచ్చాయో నాకే తెలీదు. తెచ్చిన ప్రతివాడూ ఒకటే మాట. 'నాకేం కాలేదు, చక్రం ఒక్కటి సరిచెయ్యండి.' మూడోరోజు సైకిలు తీసుకెళ్లడానికి వాడి పెళ్లాం వచ్చేది. వాడు ఆస్పత్రిలో పడుకుని ఉండేవాడు."

"మీరు భయపెట్టకండి."

"నువ్వు వాడితో ఏమన్నావు?"

ఫుసాకో చక్రం కింద పెట్టింది. "నాకేం కాలేదన్నాను."

"ఇంకా?"

"క్షమించండి అన్నాను."

ఇబుకి తల వెనక్కి వేసి, పళ్లు లేని నోటితో నవ్వాడు. "వాడు తలుపుతో కొడితే నువ్వు క్షమించమన్నావు. భేష్. వాడి కంపెనీవాడు ఆ మాటకి చట్రం కట్టించి గోడకి తగిలిస్తాడు."

అతను వంగి సైకిలు తాళంచెవి తీశాడు. చొక్కా కింద, పొట్టకి చుట్టుకున్న ఉన్ని పట్టీలో దోపుకున్నాడు.

"తాతగారూ, నేను పదిన్నరకి ఇంకో ఇంటికి వెళ్లాలి."

"బస్సెక్కు. వంగిన చక్రాన్ని సరిచేశాక అది వంగిన చక్రం కాదు. పోలీసులు చూసేదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

"తాళంచెవి ఇవ్వండి."

"తీసుకో. ముసలాడి పొట్టలో చెయ్యి పెట్టడం నీ డ్యూటీ కాగితంలో ఉందేమో చూసుకుని మరీ తీసుకో."

ఆమె గంజి తినిపించింది. గిన్నెలు కడిగింది. పదింటికి డ్యూటీ కాగితం మీద ముద్ర వేయించుకుంది. 'విశేషాలు' అన్నచోట 'ఏమీ లేవు' అని రాసింది. ఆ రోజు ఇంకా మూడు ఇళ్లకి బస్సులో వెళ్లింది. చివరి ఇంట్లో, మంచం మీద నుంచి ఒకావిడని లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. ఎడమ మోచేయి ఆవిడ చంకకింద పెట్టి, అరచేయి ఆనించకుండా లేపింది.

*

బుధవారం ఉదయం ఎముకల డాక్టరు ఎక్సరే చూసి, ఏమీ కనబడటం లేదన్నాడు. తర్వాత ఆమె బొటనవేలిని చాచమని, దాని మొదట్లో పడిన గుంటలో తన వేలితో నొక్కాడు. ఫుసాకో కుర్చీలోంచి లేచింది.

"కూర్చోండి. ఇంకో ఫోటో తీద్దాం."

రెండో యంత్రంలో తీసిన ఫోటోలో జీడిపప్పంత ఎముకలో అడ్డంగా గీత ఉంది. ఆ ఎముకకి రక్తం తక్కువగా అందుతుందనీ, అతుక్కోవడం ఆలస్యమనీ, కొందరికి అతుక్కోదనీ డాక్టరు చెప్పాడు. మోచేతి కింది నుంచి బొటనవేలి దాకా కట్టు కట్టారు. కనీసం ఆరు వారాలు.

"మీ పనేమిటి?"

"మనుషుల్ని లేపడం."

డాక్టరు రాయడం ఆపి ఆమెని చూశాడు. "అతుక్కోకపోతే ఆపరేషను చెయ్యాలి. అయినా మునుపటిలా బరువు ఎత్తగలరని ఇప్పుడు చెప్పలేను. పోలీసు రిపోర్టు ఉందిగా?"

"లేదు."

"ఇవాళే వెళ్లండి. ఇది ప్రమాదంలో తగిలిన గాయం అని నేను రాస్తాను. కానీ ప్రమాదం జరిగిందని రాయాల్సింది వాళ్లు."

గాయం ధ్రువపత్రం కవరులో పెట్టి ఇచ్చారు. ఆమె దాన్ని చేతిసంచి లోపలి అరలో పెట్టింది.

ఆఫీసులో డ్యూటీలు వేసే సెరిజావా ముప్పై ఎనిమిదేళ్ల మనిషి. ఫుసాకో కట్టు చూసి ముందు వచ్చే వారం డ్యూటీల పట్టిక తీసింది. ఫుసాకో పేరున్న గడులు పద్దెనిమిది ఉన్నాయి. తర్వాత కార్డు మీది నంబరుకి ఫోను చేసి, ఫుసాకోకి కూడా వినబడేలా స్పీకరు పెట్టింది.

అవతల మాట్లాడింది టాక్సీ కంపెనీలో ప్రమాదాల సంగతి చూసే వకుయ. మర్యాదగా మాట్లాడాడు. దెబ్బ తగిలినందుకు విచారం తెలిపాడు. డ్రైవరు నోజిరిని మంగళవారమే అడిగామన్నాడు.

"తలుపు అప్పటికే తెరిచి ఉందండీ. ప్యాసింజరు దిగుతోంది. మీ ఉద్యోగి ఆ సందులోంచి వచ్చి తలుపుకి గుద్దుకున్నారు."

"తెరిచి లేదు," అంది ఫుసాకో.

"ఎవరండీ? ఓ, మీరేనా. మీకెలా ఉందండీ? తప్పు ఒప్పుకుని మీరే క్షమించమన్నారటగా. అన్నారా, లేదా?"

ఫుసాకో కట్టు మీది దారం పోగుని వేలితో లోపలికి తోసింది.

"అన్నాను."

"నేను చూసుకోలేదు అని కూడా అన్నారట."

"అన్నాను."

"మంచిది. పోలీసుల దగ్గరికి మేమూ వస్తాం. కాగితం మీద పేర్లు ఏ వరసలో వస్తాయో వాళ్లే చూసుకుంటారు."

ఫోను పెట్టేశాక సెరిజావా ఒక పాత కాగితం తీసి బల్లమీద పరిచింది. నిరుడు ఇంకొకావిడకి జరిగిన ప్రమాదం తాలూకు ధ్రువపత్రం అది. పైనా కిందా రెండు గడులున్నాయి.

"తప్పు ఎక్కువ ఎవరిదైతే వాళ్ల పేరు మొదటి గడిలో రాస్తారు కిరియామా గారూ. ఎక్కడా అలా అని ఉండదు. కానీ ఇన్సూరెన్సువాళ్లు చూసేది అదే. డ్యూటీలో జరిగిన ప్రమాదానికి పరిహారం అడిగే కాగితాలకి కూడా ఇది కావాలి. ఇది లేకపోతే మీ చెయ్యి ఇంట్లో మెట్ల మీద విరిగినట్టే లెక్క."

"మొదటి గడిలో నా పేరు వస్తే?"

"మీరు వెళ్లి వాళ్ల టాక్సీని గుద్దినట్టు." సెరిజావా కాగితం మడిచింది. "అసలు నాకేం కాలేదని ఎందుకన్నారండీ?"

"మీరైతే ఏమంటారు?"

సెరిజావా మడిచిన కాగితాన్ని సొరుగులో పెట్టింది. "అదే అంటాను," అంది.

*

పోలీసు చావడిలో ఒగినో అనే అధికారి ఉన్నాడు. ఒకరోజు ఆలస్యమైనా రాసుకుంటామన్నాడు. ఆమె చెప్పేది వింటూ ఒక బొమ్మ గీశాడు: పొడుగు డబ్బా టాక్సీ, సన్నటి గీత సైకిలు.

"సైకిలు ఎక్కడుంది?"

"ఒక తాతగారి ఇంట్లో. తాళంచెవి ఆయన పొట్టలో ఉంది."

ఒగినో పెన్ను ఆపాడు.

"పొట్టకి కట్టుకునే పట్టీలో. పోలీసులు చూసేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వనన్నాడు."

"ఆయనకి నా నమస్కారాలు చెప్పండి," అన్నాడు ఒగినో. ఆమె, డ్రైవరు ఇద్దరూ ప్రమాదం జరిగిన చోటికి రావాలనీ, సోమవారం పదింటికి చూద్దామనీ చెప్పాడు. గాయం ధ్రువపత్రం ఆ రోజు ఇవ్వొచ్చన్నాడు. ఇస్తే అది గాయం కేసు అవుతుంది. ఇవ్వకపోతే సైకిలు దెబ్బతిన్న కేసుగా మిగులుతుంది. ఇవ్వాలో వద్దో ఆమె ఇష్టం.

*

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి నోజిరి ఆమె ఇంటికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. తొడుగులు లేవు. చేతిలో అంగడివాళ్ల కాగితం చుట్టిన స్వీటు పెట్టె ఉంది. గుమ్మంలో చెప్పులు విడిచేచోట నిలబడ్డాడు. ఫుసాకో లోపలికి రమ్మంది. రానన్నాడు. ఆమె మెట్టు మీద మోకాళ్లు మడిచి కూర్చుంది. అతను వంగే ఉండటంతో ఇద్దరి తలలూ దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి.

"ఇది చిన్నది, పుచ్చుకోండి."

"వద్దండీ. మీరే తీసుకెళ్లండి."

"అలా అనకండి."

"నిజంగా వద్దు."

పెట్టె రెండుసార్లు ఇటూ అటూ వెళ్లింది. మూడోసారి అతను దాన్ని చెప్పుల బీరువా మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతను ఆమె ముఖం చూడటం లేదు. కట్టు చూస్తున్నాడు.

"నేను వచ్చినట్టు కంపెనీకి తెలీదు."

"అలాగా."

"నాకు అరవై ఆరు. లైసెన్సు మీద ఇప్పటికే ఒక మచ్చ ఉంది. నిరుడు గీత దాటి ఆపాను. గాయం కేసంటే లైసెన్సు కొన్నాళ్లు ఆపేస్తారు. నా వయసువాణ్ని వసంతంలో మళ్లీ ఉద్యోగంలోకి రాయించుకోవాలో వద్దో అప్పుడు కంపెనీ చూసుకుంటుంది." గుక్క తిప్పుకున్నాడు. "సోమవారం ఆ కవరు ఇవ్వకుండా ఉంటారేమో అడుగుదామని. సైకిలు నేను కొత్తది కొనిస్తాను."

"మనుషుల్ని ఎత్తడం నా పని నోజిరి గారూ. ఇది అతుక్కోకపోతే నేను మళ్లీ ఎత్తలేను."

"తెలుసండీ. మా ఆవిడని కూడా మూడేళ్లు మీలాంటావిడే వచ్చి ఎత్తేది."

కెటిలు లోపల ఈల వేసింది. ఆమె లేచి స్టవ్వు ఆర్పి వచ్చింది. టీ ఇస్తానంది. వద్దన్నాడు.

"ఒకటి అడుగుతాను. తలుపు అప్పటికే తెరిచి ఉందని చెప్పారట."

"అలాగే గుర్తు."

"అద్దం చూశారా?"

"చూస్తానండీ." మొదటిసారి అతను తలెత్తాడు. "ముందు అద్దం, తర్వాత లివరు. ముప్పై ఒక్క ఏళ్లుగా అంతే. నేను చెప్పక్కర్లేదు, నా చెయ్యికే తెలుసు."

అతను మూడుసార్లు వంగి వెళ్లిపోయాడు. ఫుసాకో పెట్టె విప్పలేదు. చేతిసంచి తెచ్చి కవరు ఉందో లేదో చూసుకుంది. బయటికి తీసి పెట్టె పక్కన పెట్టింది. అన్నం వండుకునే వేళకి మళ్లీ సంచిలో పెట్టింది.

*

సోమవారం తొమ్మిదింటికి ఇబుకి ఇంటికి ఆమె బదులు వేరే మనిషి వచ్చింది. ఫుసాకో వెనకాలే వెళ్లింది. ఇబుకి పట్టీలోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. వెచ్చగా ఉంది.

"చక్రం ముందు నుంచి నొక్కుకుపోలేదు. పక్కకి వంగింది," అన్నాడు. "తెరిచి ఉన్న తలుపుని గుద్దితే ముందు నుంచి నొక్కుకుపోతుంది. అది చెప్పు. చెప్పగలవా? లేక అక్కడ కూడా క్షమించండి అంటావా?"

"చెప్తాను."

"సరేలే. నువ్వు చెప్పవని నేనే గుర్తులు పెట్టాను."

కుడి పిడి చివర, క్లిప్పు కింద, చక్రం మీద వంగినచోట ఎర్ర మైనం పెన్సిలుతో మూడు సున్నలున్నాయి. కొత్తగా వచ్చిన మనిషి వంటగదిలోంచి, గంజిలో ఉప్పు ఎంత వెయ్యాలని అడిగింది. "ఆవిడనడుగు, ఆవిడకొక్కదానికే తెలుసు. అందుకే చెయ్యి విరగ్గొట్టుకుంది," అని కేకేశాడు ఇబుకి.

ఫుసాకో సైకిలుని కుడిచేత్తో నడిపించుకుంటూ పదింటికి బజారు వీధి మొదటికి చేరింది. టాక్సీ అప్పటికే అక్కడ ఉంది. వకుయ కోటు వేసుకుని, ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. నోజిరి టోపీ, తెల్ల తొడుగులు వేసుకున్నాడు. అందరూ అందరికీ వంగారు.

ఒగినో టేపు తీశాడు. కాలిబాట అంచున ఒకచోట రబ్బరు రాసుకుపోయిన నల్లగీత ఉంది. సైకిలు పెడలుని దాని పక్కన పెట్టి చూశాడు. సరిపోయింది. నోజిరి చెప్పిన ప్రకారం టాక్సీని నిలబెట్టారు. టాక్సీకి, కాలిబాటకి మధ్య తొంభై రెండు సెంటీమీటర్లు.

"ఇంత సందు ఉంచి ఆపారా?"

"ముందు సామాను దించే లారీ ఉందండీ," అన్నాడు నోజిరి. "పక్కకి రాలేకపోయాను."

"ఆ సందులోకి ఆవిడ రాకుండా ఉండాల్సింది," అన్నాడు వకుయ.

"అదీ రాశాను." ఒగినో సైకిలు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "ఈ ఎర్ర సున్నలు ఎవరు పెట్టారు?"

"తాతగారు. సైకిళ్లు బాగుచేసేవారు. చక్రం ముందు నుంచి నొక్కుకుపోలేదనీ, పక్కకి వంగిందనీ చెప్పమన్నారు."

"ఆయన పోలీసు కాదుగా," అన్నాడు వకుయ.

"కాదు. అయినా ఫోటో తీస్తాను." మూడు సున్నలకీ మూడు ఫోటోలు తీశాడు. "అమ్మా, మీరు ఇక్కడ పడ్డారు. పడ్డాక ఏమన్నారు?"

ఫుసాకో వకుయ వైపు చూడలేదు. "నాకేం కాలేదన్నాను. నేను చూసుకోలేదన్నాను. క్షమించండి అన్నాను."

"రాసుకోండి," అన్నాడు వకుయ.

"రాశాను. డ్రైవరు గారు కూడా క్షమించండి అన్నారు. ఈ వార్డులో నేను చూసిన ప్రతి ప్రమాదంలోనూ ఇద్దరూ అన్నారు. అన్నీ రాశాను." ఒగినో లేచాడు. "నోజిరి గారూ, కూర్చోండి. ప్యాసింజరుకి తలుపు తీసినట్టు తీయండి. నేను ఎడమ పక్కన నిలబడతాను."

నోజిరి సీటులో కూర్చుని తలుపు వేసుకున్నాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. బ్రేకు లివరు లాగాడు. మీటరు మీట నొక్కుతున్నట్టు ఎడమ వేలు చాచాడు. అదే సమయంలో కుడిచేయి సీటు పక్కకి దిగి, కింద ఉన్న లివరుని పైకి లాగింది. వెనక తలుపు తెరుచుకుంది. తలుపు ఆగిన చప్పుడు వినబడ్డాక అతని తల ఎడమ అద్దం వైపు తిరిగింది.

కూరగాయల కొట్టు ముందు ఒకావిడ ముల్లంగి పట్టుకుని చూస్తోంది.

"మూసి ఇంకోసారి చేయండి," అన్నాడు ఒగినో.

నోజిరి మూశాడు. బ్రేకు, మీటరు, లివరు. తలుపు. తర్వాత తల.

"ఆయన కంగారుపడుతున్నాడు," అన్నాడు వకుయ. "నోజిరి గారూ, మామూలుగా చేయండి. రోజూ చేసినట్టు."

"ఇంకోసారి," అన్నాడు ఒగినో.

మూడోసారి నోజిరి బ్రేకు లాగాడు. మీటరు దగ్గర వేలు ఆగింది. తల ఎడమవైపు తిప్పి అద్దంలోకి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. కుడిచేయి తొడ మీదే ఉండిపోయింది. తలుపు తెరుచుకోలేదు.

అతను కుడిచేతి తొడుగు వేలు వేలుగా లాగి తీశాడు. ఆ చేతిని చూసుకున్నాడు.

"ఇలా నేనెప్పుడూ చెయ్యలేదు," అన్నాడు.

"నోజిరి గారూ," అన్నాడు వకుయ.

"చెయ్యి ముందు పోతోంది వకుయ గారూ. మీరూ చూశారు. కన్ను వెనక వెళ్తోంది." అతను దిగి ఒగినో ముందు నిలబడ్డాడు. "తలుపు తెరిచి లేదండీ. ఆవిడ వచ్చేవేళకి నేను తీశాను. తీశాక అద్దంలో చూస్తే ఆవిడ పడి ఉన్నారు. ముందు చూశాననే అనుకున్నాను. అద్దంలో చూడటం గుర్తుంది. అది ముందు కాదు."

ఒగినో రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు. నోజిరి అంతేనన్నాడు. వకుయ ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మా, డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం తెచ్చారా?"

ఫుసాకో సైకిలుని స్టాండు వేసి నిలబెట్టింది. చేతిసంచి మోచేతికి తగిలించుకుని, కుడిచేత్తో జిప్పు లాగింది. కవరు సగం బయటికి వచ్చింది. చెయ్యి అక్కడే ఆగింది. ఆమె నోజిరిని చూసింది.

"ఇచ్చేయండి," అన్నాడు నోజిరి.

ఆమె కవరు ఇచ్చింది. ఒగినో తేదీ చూసి, ఫైలులో పెట్టి, అందినట్టు రాసి ఆమెకి చూపించాడు. టైము పదీ నలభై.

వెళ్లేటప్పుడు వకుయ డ్రైవరు సీటులో కూర్చున్నాడు. నోజిరి ఎడమ పక్క కాలిబాట మీద నిలబడ్డాడు. వకుయ అద్దంలోకి చూశాడు, తర్వాత లివరు లాగాడు. తలుపు తెరుచుకుంది. నోజిరి టోపీ తీసి వెనక సీటులోకి వంగి ఎక్కాడు.

*

స్వీటు పెట్టె మీద ఇరవై ఆరో తేదీలోగా తినమని ఉంది. ఫుసాకో దాన్ని ఇరవై ఐదున ఇబుకి ఇంటికి తీసుకెళ్లింది. ఇబుకి నాలుగు తిన్నాడు. చక్రాన్ని మంచం మీద కూర్చుని తనే సరిచేశాడు. చువ్వలు బిగించే బుల్లి పానా పట్టుకునే పని ఫుసాకో కుడిచేతిది, తిప్పే లెక్క అతనిది. రెండు గంటలు పట్టింది. మూడు ఎర్ర సున్నల్లో ఒకదాన్ని అతను తుడవనివ్వలేదు.

డిసెంబరు మూడున తీసిన ఫోటోలో ఎముకలో గీత ఇంకా ఉంది. డాక్టరు కట్టుని మరో నాలుగు వారాలు పొడిగించాడు.

డిసెంబరు నాలుగున ప్రమాద ధ్రువపత్రం పోస్టులో వచ్చింది. ఒకటే కాగితం. తేదీ నవంబరు పన్నెండు, సమయం ఎనిమిది యాభై రెండు, రకం గాయం. మొదటి గడిలో నోజిరి తొకుజో అని ఉంది. రెండో గడిలో కిరియామా ఫుసాకో అని ఉంది.